ఆరాధనలో గాంభీర్యం, బ్రతుకులో గౌరవం



ఈ సాయంత్రం మనం ఆలోచించవలసిన మాట గాంభీర్యం. ఆ మాట వినగానే మనకు గుర్తొచ్చేవి పాస్టరు గారి తెల్లని అంగీ, ప్రభురాత్రి భోజనానికి ముందు నిశ్శబ్దం, సమాధుల తోటలో నెమ్మదిగా సాగే పాట. అవన్నీ మంచివే. అయితే గంభీరం అంటే అసలు అర్థం లోతు. హెబ్రీ భాషలో మహిమకు వాడే మాట 'కాబోద్'. దాని మూలంలో ఉన్న అర్థం బరువు. కాబట్టి గాంభీర్యమంటే ముఖం ముడుచుకొని కూర్చోవడం కాదు. దేవుడు ఎవరిని బరువైనవారిగా ఎంచాడో వారిని మనమూ తేలికగా చూడకపోవడం.

మన మదురైనే చూడండి. తిరుమల నాయకుని మహలు 1636లో కట్టారు. ఆ నాయక రాజుల ఇంటి భాష తెలుగు. కొలువులో పలికితే అది రాజసం. చెప్పులు కుట్టే ఇంట్లో, వీధులూడ్చే ఇంట్లో పలికితే మాత్రం అది తక్కువవాళ్ల భాష. ఇక్కడ తూచింది భాషను కాదు, మాట్లాడే మనిషి కులాన్ని. అందుకే నేటికీ మన అరుంధతియర్ల పిల్లలు కొందరు బస్సులో అమ్మతో తెలుగు మాట్లాడడానికి గొంతు తగ్గిస్తారు.

సంఘం కూడా ఈ తూకానికి లోబడింది. 1606లో మదురైకి వచ్చిన రాబర్ట్ డి నొబిలి సన్యాసి వేషం వేసుకొని, సంస్కృతం, తమిళం, తెలుగు నేర్చుకున్నాడు. సువార్తకు ఈ దేశంలో గౌరవం తేవాలన్నదే ఆయన తపన. కానీ ఆ గౌరవం నిలవడానికి అట్టడుగు కులాలవారికి దూరంగా బ్రతికాడు. కొందరిని దూరం పెట్టి సంపాదించిన గాంభీర్యం ప్రభువుది కాదు. ఆయన తువాలు నడుముకు కట్టుకొని శిష్యుల కాళ్లు కడిగాడు. ఆ రాత్రి గాంభీర్యమంతా ఆ నీళ్ల పళ్లెం దగ్గరే ఉంది.

కొరింథు సంఘాన్ని పౌలు గద్దించింది కూడా ఇందుకే. వాళ్ల పాట బాగోలేదనో, బట్టలు బాగోలేదనో కాదు. ఒకరు కడుపునిండా తిని, మరొకరు ఆకలితో ఉంటే అది ప్రభువు బల్ల కాదన్నాడు.

ఇప్పుడు కోయంబత్తూరు జిల్లాకు రండి. 2019 డిసెంబరు 2న తెల్లవారుజామున, మేట్టుపాళయం దగ్గర నడూరులో ఒక పెద్ద రాతిగోడ వానకు నాని పక్కనున్న ఇళ్లమీద కూలింది. నిద్రలోనే 17 మంది పోయారు. వారిలో స్త్రీలు, పిల్లలు ఉన్నారు. అందరూ దళితులు. తమను వేరుచేయడానికి కట్టిన అంటరానితనపు గోడ అని అక్కడివారు దాన్ని పిలిచారు. న్యాయం జరిగేదాకా శవాలను తీసుకోమని బంధువులు, ఉద్యమకారులు ఆసుపత్రి దగ్గర పట్టుబట్టారు. పోలీసులు లాఠీలతో కొట్టారు.

శవం దగ్గర గొడవ ఏమిటని కొందరు అనుకోవచ్చు. నాకైతే ఆ పట్టుదలే అసలైన భూస్థాపన క్రమంగా కనిపిస్తుంది. పోయినవారిని తేలికగా పోనివ్వమని, వారి ప్రాణానికి బరువుందని చెప్పడమే కదా మరణ ఆరాధన!

అయితే గోడలు కట్టినవారిని అడిగే ముందు మన ఆవరణనే అడుగుదాం. మన గుడి వెనకనున్న సెప్టిక్ ట్యాంకును ఎవరు శుభ్రం చేస్తున్నారు? మనిషిని దింపుతున్నారా, యంత్రాన్ని పిలుస్తున్నారా? రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని అందులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుండి 30 లక్షల రూపాయలకు పెంచింది. ఈ సంగతి మన వీధుల్లో ఎంతమందికి తెలుసు? బలిపీఠం దగ్గర వంగి, వెనక గోతిలోకి మనిషిని దింపే సంఘానికి గాంభీర్యం ఎక్కడిది?

యౌవనులారా, కోలారు బంగారు గనుల దగ్గర పారిశుద్ధ్య కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ గారికి 2016లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. అందరూ ముక్కు మూసుకొని దాటిపోయిన పనిని, దాన్ని చేయవలసి వచ్చిన మనుషులను ఆయన దాటిపోలేదు. అదే గాంభీర్యం.

మూడు పనులు మీకు అప్పగిస్తున్నాను. వచ్చే సంఘ కమిటీలో సెప్టిక్ ట్యాంకు సంగతి అడగండి. మీ వీధి ఊడ్చే అన్నను, అక్కను పేరు తెలుసుకొని పిలవండి. ఒక ఆదివారమైనా మన ఇంటి తెలుగులో గుడిలో గొంతెత్తి ప్రార్థించండి. అమ్మ మనల్ని జోకొట్టిన భాష దేవునికి చిన్నది కాదు.

అట్టి బరువైన బ్రతుకు ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమెన్.