అమ్మ లాప్‌టాప్‌లో ఏం చేస్తుంది?

ఈ రోజు టాపిక్ మా ఇంట్లోంచే తెచ్చాను.

మా అక్క సాఫ్ట్‌వేర్ టెస్టర్. పేమెంట్ యాప్‌లు టెస్ట్ చేస్తుంది, ఇంటి నుంచే పని. తన కూతురికి ఐదేళ్లు. స్కూల్లో టీచర్ "మీ అమ్మ ఏం చేస్తారు?" అని అడిగితే, "ఏం చెయ్యదు, తలుపేసుకుని లాప్‌టాప్ చూస్తుంది" అందట. విని అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది. కానీ ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు.

మాకు చిన్నప్పుడు ఈ సమస్య లేదు. నాన్న ఆర్టీసీ డ్రైవర్. ఖాకీ చొక్కా, పెద్ద స్టీరింగ్, బస్సు నిండా జనం. ఆయన పనేంటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్ల ముందే కనపడేది. లాప్‌టాప్ పని అలా కనపడదు కదా.

మర్నాడు పాపని అడిగా, "అమ్మ ఎందుకు పని చేస్తుందో తెలుసా?" అని.

"నాకు బొమ్మలు కొనడానికి. నాకు బొమ్మలొద్దు మామయ్యా, అమ్మని బయటికి రమ్మను" అంది.

నాకు నోట మాట రాలేదు. "నీ కోసమేరా కన్నా" అని మనం ప్రేమగానే అంటాం. దానికి మాత్రం, అమ్మ తలుపేసుకోవడానికి కారణం తనే అని అర్థమైంది.

అందుకే ఆదివారం ఒక ఆట ఆడాం. నాలుగు కుర్చీలు వేశాం. నేను కస్టమర్, అమ్మమ్మ కిరాణా కొట్టు, పాప నా బ్యాంకు, బావ కొట్టువాళ్ల బ్యాంకు. మధ్యలో అక్క, అంటే యూపీఐ. 2016లో ఎన్‌పీసీఐ మొదలుపెట్టింది కదా, అదే. నేను స్కాన్ చేసి పిన్ చెప్పా. అక్క పాపని అడిగింది. పాప డబ్బాలో చూసి, పది రూపాయలు తీసి పక్కన పెట్టింది. బావ అమ్మమ్మ ఖాతాలో వేశాడు. అమ్మమ్మ "పది రూపాయలు వచ్చాయి" అని స్పీకర్‌లా అరిచింది. పాప ఒకటే నవ్వు.

అప్పుడు అక్క అడిగింది: "పిన్ తప్పు చెప్తే? డబ్బాలో ఐదే ఉంటే? నువ్వు తీశాక నెట్ పోతే?"

పాప ఆగిపోయింది. "మరి డబ్బులు ఎక్కడికి పోతాయి?"

"అవి దారి తప్పకుండా ముందే చూసుకోవడమే నా పని."

మీకూ పనికొచ్చే మాట ఒకటి. 2019 ఆర్‌బీఐ రూల్ ప్రకారం, యూపీఐలో కొట్టుకి కట్టిన డబ్బు మీ ఖాతాలో కట్ అయ్యి, అటు కన్ఫర్మ్ కాకపోతే, ఆ రోజు తర్వాత 5 రోజుల్లోపు వెనక్కి రావాలి. దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం.

నాకు అర్థమైంది ఇంతే. పిల్లలకి హోదా పేరు చెప్తే ఎక్కదు, జీతం సంగతి చెప్తే తప్పుగా ఎక్కుతుంది. మన పని వల్ల ఎవరికి ఇబ్బంది తప్పుతుందో చెప్పండి, చేత్తో ఆడించి చూపించండి. ఎన్నింటికి తలుపు తీస్తారో కూడా చెప్పండి. ఆ టైమ్‌కి తియ్యండి.

ఇప్పుడు పాప తలుపు కొట్టడం పూర్తిగా మానేసిందా? లేదు. కాకపోతే కొట్టి, "డబ్బులు దొరికాయా అమ్మా?" అని అడుగుతోంది.

మీకు పిల్లలు లేకపోయినా పర్లేదు. మీ నాన్న, మీ అమ్మ రోజంతా ఏం చేస్తారో మీకు నిజంగా తెలుసా? ఈ రాత్రి అన్నం దగ్గర అడగండి, ఏం చెప్పారో కామెంట్లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.