పెద్ద ఫోటో ప్రింటర్ ఇంట్లోకి కొనాలా? ముందు ఈ లెక్క వేయండి

ఈ ఎపిసోడ్ ప్రింటర్ల గురించి. ఆఫీసు ప్రింటర్లు కాదు, గోడకి తగిలించే సైజు ఫోటోలు ఇంట్లోనే తీసుకునేవి.

మన ఇళ్లలో పెద్ద ఫోటో ఎప్పుడు కట్టిస్తాం చెప్పండి? మనిషి పోయాక. అప్పుడు కంగారుగా అందరి ఫోన్లూ వెతుకుతాం. ఏదో పెళ్లి గ్రూప్ ఫోటో దొరుకుతుంది, అందులోంచి తాతయ్య ముఖం కట్ చేయించి, వెనకాల నీలం రంగు వేయించి, దండ వేస్తాం. మనిషి మన మధ్య ఉండగానే ఒక మంచి ఫోటో గోడ మీద ఉండాలి అన్న కోరికతో ప్రింటర్ కొందామనుకునేవాళ్లు నాకు చాలామంది తెలుసు. కోరిక మంచిదే. దానికి ప్రింటర్ కావాలా అన్నది వేరే విషయం.

ముందు సైజు. ల్యాబుల్లో మామూలుగా దొరికే పెద్ద సైజు 12 బై 18 అంగుళాలు. పెట్టె మీద ‘ఎ3’ అని ఉంటే సరిపోతుందనుకోకండి. ఎ3 అంటే 297 బై 420 మిల్లీమీటర్లు, అంటే పదహారున్నర అంగుళాల పొడవే. 12 బై 18 రావాలంటే ‘ఎ3 ప్లస్’ కావాలి, అది 13 బై 19.

ఫోటోలో అంత సరుకు ఉందా? 24 మెగాపిక్సెల్ కెమెరా అయితే 6000 బై 4000 పిక్సెళ్లు. అంగుళానికి 300 చొప్పున 20 అంగుళాలు వస్తుంది, హాయిగా సరిపోతుంది. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫోటో అయినా అంగుళానికి 220 దాకా వస్తుంది, గోడ మీద బాగానే ఉంటుంది. అదే ఫోటో వాట్సాప్‌లో మామూలు క్వాలిటీలో వస్తే పొడవు సుమారు 1600 పిక్సెళ్లకి పడిపోతుంది, అంగుళానికి 90 కూడా ఉండవు. అమ్మావాళ్లని ‘డాక్యుమెంట్‌గా పంపండి’ అని అడగండి. ఎంత ఖరీదు ప్రింటరైనా పోయిన పిక్సెళ్లని వెనక్కి తేలేదు.

ఇప్పుడు మోడళ్లు. ఎప్సన్ ఎల్15150 లాంటి నాలుగు రంగుల ఆఫీసు మెషీన్లూ ఎ3 ప్లస్ వేస్తాయి, ఫోటోలకి మాత్రం నేను వద్దంటాను. ముఖం రంగు, ఆకాశం లాంటి చోట్ల సన్నని చుక్కలు కనపడతాయి. ఆరు రంగులది తీసుకోండి. ఎప్సన్ ఎల్18050లో లేత సయాన్, లేత మజెంటా అదనంగా ఉంటాయి, చర్మం రంగు నున్నగా వస్తుంది. ఎల్8180లో వాటి బదులు గ్రే ఉంటుంది, బ్లాక్ అండ్ వైట్ ఇష్టమైతే అది, స్కానర్ కూడా వస్తుంది. కానన్ ప్రో-200లో ఎనిమిది ఇంకులు, రంగులు అద్భుతం, కానీ కార్ట్రిడ్జ్‌లు. బడ్జెట్ అనే మాట మీ నోట్లో ఉంటే ట్యాంక్ మెషీనే.

సికింద్రాబాద్ సీటీసీలోనో ఆన్‌లైన్‌లోనో పాత ఎల్1800 చవగ్గా కనపడొచ్చు. మంచి మెషీనే, కాదనను. కానీ టీషర్టు ప్రింటింగ్ వాళ్లు వాటిని సబ్లిమేషన్‌కి, డీటీఎఫ్‌కి చాలా మార్చేశారు. లోపల ఏ ఇంకు తిరిగిందో అడగండి, మీ ముందే నాజిల్ చెక్ తీయించండి. గీతల్లో ఖాళీలుంటే వదిలేయండి.

అసలు లెక్క ఇదిగో. ఊరికే అంకెలు పెడుతున్నాను, మీ ల్యాబ్ రేటు పెట్టుకుని మీరే సరిచూసుకోండి. మెషీన్ 50 వేలు అనుకుందాం. ల్యాబులో ఒక 12 బై 18 ప్రింట్ 150 రూపాయలు, ఇంట్లో పేపరూ ఇంకూ కలిపి 70. ఒక్కో ప్రింటుకి మిగిలేది 80. డబ్బు తిరిగి రావాలంటే 625 ప్రింట్లు. మూడేళ్లలో అంటే వారానికి నాలుగు. కొండాపూర్ టూ బీహెచ్‌కే అద్దె ఇంట్లో 625 ఫోటోలకి గోడలెక్కడివండీ?

పైగా వాడకపోతే హెడ్ ఎండిపోతుంది. మన ఎండాకాలంలో ఇంకా త్వరగా. వారానికి ఒక్క కలర్ ఫోటో అయినా తీయాలి. ఆఫ్ చేసేటప్పుడు ప్రింటర్ బటన్‌తోనే చేయాలి, అప్పుడే హెడ్ వెళ్లి మూత కింద కూర్చుంటుంది. గోడ స్విచ్ ఆపేస్తే మధ్యలోనే ఆగిపోవచ్చు. ఇంకోటి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయడానికి ఐటీ వాళ్లు ఒప్పుకోరు, సొంత సిస్టమ్ చూసుకోండి.

కాబట్టి నా మాట: వీకెండ్ షూట్లు చేస్తూ క్లయింట్లకి ప్రింట్లు ఇచ్చేవాళ్లు, రంగులు తమ చేతిలోనే ఉండాలనుకునేవాళ్లు కొనండి, ఎల్18050 దగ్గర మొదలుపెట్టండి. ఏడాదికి పది ఫోటోలైతే ల్యాబుకి వెళ్లండి, మిగిలిన డబ్బు మంచి ఫ్రేములకి పెట్టండి. మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఇండియన్ ఫోటో ఫెస్టివల్ జరిగినప్పుడు ఒకసారి వెళ్లి పెద్ద ప్రింట్లు దగ్గరగా చూడండి, ఏ పేపర్ మీద ఎలా కనపడుతుందో కంటికి తెలుస్తుంది.

ఇంట్లో తీసినవాళ్లు ప్రింట్ రాగానే ఫ్రేములో పెట్టేయకండి. ఒక రోజు ఆరనివ్వండి, లేదంటే అద్దం లోపల మసక పడుతుంది. అద్దానికీ ఫోటోకీ మధ్య మౌంట్ బోర్డు పెట్టించండి. ఈ ట్యాంకుల్లో కలర్ ఇంకు డై రకం, నేరుగా ఎండ తగిలితే వెలిసిపోతుంది. బాల్కనీ తలుపు ఎదురు గోడ మాత్రం వద్దు.