మన వెబ్‌సైటు కొనువారి కంట పడుట ఎట్లు?
(మామిడి రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేను సస్యశాస్త్రము బోధించువాడను. ఎరువుల మోతాదును గూర్చియో, అంతరపంటలను గూర్చియో అడిగినచో తడుముకొనకుండ చెప్పగలను. వెబ్‌సైటును గూర్చి మాట్లాడుటకు ఈయననే ఏల పిలిచినారని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. కారణమేమనగా, కొన్ని కాపులుగా నా యొద్దకు వచ్చు తోట యజమానులు తేనెమంచు పురుగును గూర్చి అడిగి, లేవబోవుచు మరొక ప్రశ్న వేయుచున్నారు: "కాయను నేరుగా అమ్ముకొందామని వెబ్‌సైటు పెట్టించామండీ. ఒక్కరూ రావటం లేదు. ఏం చెయ్యమంటారు?" దీనికి జవాబు నా చదువులో ఎవరును చెప్పలేదు. పొరపాట్లు చేసి నేర్చుకొంటిని. నేర్చినంత వరకు మనవి చేసెదను.

నూజివీడు ప్రాంతమున నాకు తెలిసిన పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆరెకరముల తోట. అధిక భాగము బంగినపల్లి, గట్ల వెంట చిన్నరసాలు. మూడేండ్ల క్రిందట కుమారుని ప్రోద్బలముతో వెబ్‌సైటు పెట్టించినారు. అందులో నిగనిగలాడు పండు బొమ్మ ఒకటి, దాని క్రింద 'స్వాగతము' అను మాట, ఒక ఫోను నంబరు. ధర కూడ బొమ్మలోనే వేయించినారు. ఏప్రిలు వచ్చినది, కాయ దిగినది, ఫోను మాత్రము మ్రోగలేదు. అంతలో ఎవరో పలుకరించి, నెల దినములలో గూగుల్‌లో మొదటి స్థానము ఇప్పించెదము, హామీ ఇచ్చెదము, ఇరువది వేలు పంపుడన్నారట. పంపినారు. పది దినములు కొంత సందడి కనబడినది. ఆ తరువాత సైటు పేరు కొట్టి వెదకినను దొరకలేదు. ఆ ఏడు కాయ అంతయు యార్డులో వ్యాపారి చెప్పిన ధరకే పోయినది. కమీషను, కోత కూలి, లారీ కిరాయి పోను ఏమి మిగిలినదో ఆయన చెప్పలేదు, నేను అడుగలేదు.

ఎందుకట్లు జరిగినదో తెలియవలెనన్న గూగుల్ పని చేయు తీరు కొంచెము తెలియవలెను. మనము మాట కొట్టినప్పుడు అది ప్రపంచములోని సైట్లన్నిటి వెంట అప్పటికప్పుడు పరుగెత్తదు. దాని ప్రోగ్రాములు ముందుగానే ఒక పేజీలోని లింకు పట్టుకొని మరొక పేజీకి పోవుచు, చదివిన దానిని ఒక పెద్ద సూచికలో వ్రాసికొనును. పుస్తకము చివర పదసూచిక ఉండును గదా, అటువంటిది. మనము అడిగినప్పుడు ఆ సూచికను చూచి, ఏది ముందు, ఏది వెనుక అని వరుస పెట్టును. ఇందుకు అది చూచు గుర్తులు అనేకములు. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను ఇద్దరు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు 1998 లో ఆ కంపెనీ స్థాపించినప్పుడు వారి మూలమైన ఆలోచన ఇది: ఒక పేజీని చూడుడని ఇతరులు ఎందరు లింకు ఇచ్చినారు, ఆ ఇచ్చినవారు ఎంత నమ్మదగినవారు? మా శాస్త్రవేత్తల వ్యాసములకు విలువ కట్టుట కూడ ఇట్లే, ఎందరు ఉదహరించినారని చూతురు. విత్తనము కొనుటకు ముందు మీరు ఊరిలో నలుగురిని వాకబు చేయుదురు గదా, అదియు ఇదియే.

ఇప్పుడు పెద్దాయన సైటును చూడుడు. సూచికలో వ్రాసికొనుటకు అందులో మాటలే లేవు. బొమ్మలోని అక్షరములను యంత్రము చక్కగా చదువునని నమ్ముటకు వీలులేదు. ఊరు లేదు, రకము లేదు, కాయ ఎప్పుడు దిగునో లేదు. ఇరువది వేలు తీసికొన్నవారు ఈ లోటు తీర్చలేదు. తెల్లని పేజీపై తెల్లని అక్షరములతో 'మామిడి, మామిడి' అని వందల మాటలు దాచినారు. మామిడితో ఏ సంబంధమును లేని పనికిరాని సైట్ల నుండి లింకులు కొని తగిలించినారు. ఈ రెండును గూగుల్ నియమములకు విరుద్ధములు. పట్టుబడినచో చిన్నవాడని వదలదు, పెద్దవాడని ఊరకుండదు. 2006 ఫిబ్రవరిలో జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. కార్ల కంపెనీ వారి జర్మను సైటునే తన సూచిక నుండి తొలగించినది. చూచువారికొక పేజీ, యంత్రమునకు మాటలు కూరిన వేరొక పేజీ చూపినారని కారణము. వారు ఆ పేజీలు తీసివేసిన మీదట మరల చేర్చుకొన్నది. పస లేని పేజీలను వెనుకకు నెట్టుటకు 2011 లోను, కొన్న లింకుల ఆట కట్టించుటకు 2012 లోను తన లెక్క పద్ధతిని గట్టిగా మార్చినది. ఇక హామీ సంగతి: మొదటి స్థానమునకు ఎవరును హామీ ఇవ్వజాలరని గూగుల్ వారే చెప్పుచున్నారు. అట్టి హామీతో ఫోను వచ్చినచో పెట్టివేయుడు.

నా తప్పు కూడ చెప్పవలెను. పెద్దాయన మొదట నా యొద్దకు వచ్చినప్పుడు, పేజీలో 'బంగినపల్లి' అను మాట నలుబది సార్లు వచ్చునట్లు వ్రాయించుడని నేనే చెప్పితిని. నత్రజని ఎంత ఎక్కువ వేసిన అంత పంట అనుకొను కొత్త సేద్యగాని తెలివి అది. చదువువాడు విసుగు చెందును, యంత్రము అనుమానించును. పేజీ శీర్షికలో ఒకసారి, మొదటి వాక్యములలో ఒకసారి, తరువాత సహజముగా వచ్చిన చోట వచ్చిన చాలును. వెనుక తట్టున 'కీవర్డ్స్' అని ఒక పట్టీ నింపవలెనని చెప్పువారు ఇంకను ఉన్నారు. వరుస పెట్టుటకు దానిని చూడబోమని గూగుల్ 2009 లోనే ప్రకటించినది. దానికి రూపాయి ఇవ్వవద్దు.

సరియైన పని మరి ఏది? కొనువాడు ఏ మాటతో వెదకునో ఆ మాట తెలిసికొనుట. ఇక్కడ మన మామిడికి ఒక చిక్కు ఉన్నది. మనకు బంగినపల్లి. ఊరి పేరును బట్టి బనగానపల్లె అనువారును కలరు. హైదరాబాదులో బేనిషాన్. ఢిల్లీలో సఫేదా. ఇంగ్లీషు అక్షరములలో కొట్టునప్పుడు చివర ఒకరు ఐ అక్షరము పెట్టుదురు, మరొకరు ఇ అక్షరము పెట్టుదురు. తోతాపురిని మన వైపు కలెక్టరు కాయ అందుము, కర్ణాటకములో బెంగళూరా అందురు. హైదరాబాదులోని ఇల్లాలు 'బేనిషాన్ పార్సెలు' అని వెదకుచుండగా, మీ పేజీలో ఆ పేరు ఎక్కడను లేకపోయిన, ఎంత మంచి కాయ అయినను ఆమెకు మీరు లేనట్లే. అట్లని పేర్లన్నియు బస్తాలో కుక్కినట్లు కుక్కవద్దు. 'మా తోటలోనిది బంగినపల్లి. హైదరాబాదులో దీనినే బేనిషాన్ అందురు' అని ఒక వాక్యము వ్రాసిన సరిపోవును. అది నిజము, చదువువారికి ఉపయోగము కూడ. తెలుగులో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ ఉండుట మేలు. పరదేశములో ఉన్న కుమారుడు ఊరిలోని తల్లిదండ్రులకు పండ్లు పంపవలెనని ఇంగ్లీషులోనే వెదకును. బనగానపల్లె మామిడికి 2017 లో భౌగోళిక గుర్తింపు వచ్చినది గదా అని, మీ తోట ఎక్కడ ఉన్నను ఆ ఊరి కాయయే అని వ్రాయుట కూడదు. మీ ఊరు ఏదో అదే వ్రాయుడు. మీ ఊరి పేరుతో వెదకువారును ఉందురు.

తరువాత, ఏమి వ్రాయవలెను? 'నాణ్యమైన మామిడి, నమ్మకమైన సేవ' అని వ్రాయనివాడు లేడు. దానిని చదివి కొనువాడును లేడు. మీకు మాత్రమే తెలిసినది వ్రాయుడు. పెద్దాయనను కూర్చుండబెట్టి, కాయ ముదిరినదని మీకెట్లు తెలియునని అడిగితిని. తొడిమ చుట్టు భుజములు లేచునని, నీటిలో వేసిన ముదురు కాయ మునిగి లేతది తేలునని, తొడిమ కొంచెము ఉంచి కోసి సొన కారునట్లు తలక్రిందులుగా పెట్టుదుమని, వరిగడ్డిలో వారము దినములు మాగవేయుదుమని గుక్క తిప్పుకొనక చెప్పినారు. ఆ మాటలనే కుమారుడు వ్రాసినాడు. 'ఇంటికి వచ్చిన పచ్చి కాయను మాగవేయుట ఎట్లు?' అని దానికి శీర్షిక పెట్టినాము. కార్బైడుతో మాగించుటను 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించినవని, ఇథిలీన్ వాయువును మాత్రము 100 పి.పి.ఎం. వరకు అనుమతించినారని అందులో చేర్చితిమి. సైటులో ఎక్కువమంది చదివిన పేజీ అదియే. ఒక వంటల సైటు వారు అడుగకయే దానికి లింకు ఇచ్చినారు. అదే కాలమున మామిడి తెగుళ్లను గూర్చి కరదీపికను చూచి నేను వ్రాసియిచ్చిన పేజీని మాత్రము ఎవరును ముట్టలేదు. అవే సంగతులు వంద చోట్ల ఉన్నవి మరి!

కష్టమైన ఘట్టము వేరొకటి వచ్చినది. "మీ తోటలో మందు కొట్టుదురా?" అని కొనువారు అడుగుచున్నారు. 'సేంద్రియ' అని వేసిన తేలికగా అమ్ముడగునని కుమారుని వాదన. తేనెమంచు పురుగుకు పూత మీద రెండుసార్లు మందు కొట్టిన మాట నిజము. పెద్దాయన చాలసేపు నేల చూచుచు, "కొట్టామని రాస్తే ఎవడు కొంటాడండీ?" అన్నారు. ఆయనకు చేతిలో ఉన్నది ఆరేడు వారముల సీజను. అందులో పోగొట్టుకొన్నది మరల ఏడాదికి గాని రాదు. నేను ధైర్యము చెప్పితిని గాని నాకును లోపల జంకుగానే ఉండెను. చివరకు ఏ మందు, ఏ తేదీన, కోతకు ఎన్ని దినముల ముందు ఆపినారు, మందు డబ్బాపై ఎన్నాళ్లు ఆగుమని ఉన్నది, ఇవన్నియు వ్రాసి పెట్టినారు. ఆ పేజీ చదివి మానుకొన్నవారు ఎందరో మనకు తెలియదు. ఫోను చేసినవారిలో పలువురు మాత్రము ఆ తేదీలు చూచియే చేసినామన్నారు. మీకు సేంద్రియ ధ్రువపత్రమున్నచో దాని సంఖ్యతో సహా వేయుడు, లేనిచో ఆ మాట వాడవద్దు. బంధువులచేత పొగడ్తలు వ్రాయించుట కూడ ఇట్టిదే.

యంత్రముచేతనే వ్రాయించవచ్చును గదా అని కుర్రవారు అడుగుచున్నారు. అక్షరదోషములు దిద్దించుకొనుడు, అభ్యంతరము లేదు. కాని వరుసలో పైకి వచ్చుటకై గుట్టలుగా పేజీలు పుట్టించుట, వ్రాసినది మనిషియైనను యంత్రమైనను నియమ విరుద్ధమేనని గూగుల్ 2024 మార్చిలో స్పష్టము చేసినది. మీ తోటలో సొన ఎట్లు కార్చుదురో యంత్రమునకేమి తెలియును?

ఇక అదను. ఈ పనికి ఫలితము కనబడుటకు సాధారణముగా నాలుగు నెలల నుండి ఏడాది పట్టునని గూగుల్ వారి మాట. కాయ దిగినాక పేజీ వ్రాయుట, గింజ పాలు పోసుకొన్నాక దుక్కిలో ఎరువు వేసినట్లుండును. పూతకు ముందే మొదలుపెట్టుడు. ఏటేట కొత్త పేజీ పెట్టి పాతది తీసివేయవద్దు. అదే చిరునామాలో ఉంచి తేదీలు, ధరలు మార్చుడు. అది సంపాదించుకొన్న లింకులు దానికే నిలుచును. కాపు అయిపోయినచో 'ఈ ఏటికి అయిపోయినది' అని వ్రాయుడు. సెర్చి కన్సోల్ అను సాధనము గూగుల్ ఉచితముగా ఇచ్చుచున్నది. ఏ మాటలతో వెదకి మీ సైటుకు వచ్చినారో అందులో కనబడును. వారమునకొకసారి చూచిన చాలును. పెద్దాయన సైటుపై పడిన శిక్ష సంగతి కూడ అందులోనే బయటపడినది. దాచిన మాటలు తీసివేసి, పునర్విచారణ కోరుచు అక్కడినుండే అర్జీ పెట్టితిమి. కొన్ని వారములు పట్టినది గాని సైటు తిరిగి వచ్చినది. మ్యాపులో తోట కనబడుటకు బిజినెస్ ప్రొఫైల్ అనునది కూడ ఉచితమే.

కిందటి కాపులో ఆయన కాయలో నాలుగవ వంతు మాత్రము పెట్టెలలో ఆర్టీసీ కార్గో మీద పోయినది. మిగిలినది యార్డుకే. ఈ ఏడు చిన్నరసాలకు వేరే పేజీ కావలెనని అడిగినారు. రసము పండు పార్సెలులో చిట్లునని నా భయము. ఆ సంగతి కూడ పేజీలోనే చెప్పవలెనని ఆయన పట్టుదల.

మీలో సైటు ఉన్నవారు దాని చిరునామా నా యొద్ద వ్రాయించి పొండు. లేనివారు, మీ ఇంట కాయను ఎట్లు మాగవేయుదురో ఒక కాగితము మీద మీ మాటలలోనే వ్రాసి, పూత మందు సలహాకు వచ్చునప్పుడు వెంట తెండు. రెండును ఒకేసారి చూచుకొనవచ్చును.