పెద్ద కుటుంబమునకు పెద్ద బండి

(సంఘపు మాసిక సమావేశములో చేయబడిన ప్రసంగ పాఠము)



తెలుగు సంఘపు వేదికమీద సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. మోటారు బండిని గూర్చి ప్రసంగమా యని కొందరికి తోచవచ్చును. కాని ఉద్యోగి జీవితములో ఇల్లు కట్టుకొనుట, పిల్లల చదువులు, పెండ్లిండ్లు అను వానిని విడిచినచో, ఇంత ధనముతోను, ఇంత దీర్ఘమైన ఋణముతోను కూడిన నిర్ణయము వేరొకటి లేదు. సంబంధము కుదుర్చుకొనుటకు నాలుగు ఊళ్ళలో విచారణ చేయు కుటుంబములే, ఇరువది లక్షల రూపాయల బండిని ఇరువది నిమిషముల టెస్టు డ్రైవుతో తేల్చివేయుచున్నవి. ఆ ఇరువది నిమిషములను ఎట్లు వినియోగించుకొనవలెను, వానికి ముందును వెనుకను ఏమి చేయవలెను అనునదే ఈనాటి విషయము.

'ఎస్.యు.వి.' అను మూడక్షరముల పేరు నేడు ప్రతి యింట వినబడుచున్నది. ఈ జాతికి మూలపురుషుడు అమెరికాలో పుట్టినాడు. 1935లో షెవర్లే సంస్థ లారీ చట్రముపై ఎనమండుగురు కూర్చుండదగిన 'సబర్బన్ క్యారీఆల్' అను బండిని నిర్మించినది. మన దేశమున 1947లో మహీంద్రా సంస్థవారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్ప నారంభించిరి. చిరకాలము జీపు అనగా అడవి శాఖవారిది, పోలీసువారిది, నీటిపారుదల ఇంజనీర్లది అనియే జనుల భావము. 1998లో టాటా సఫారీ, 2002లో మహీంద్రా స్కార్పియో వచ్చిన పిమ్మట ఈ ఎత్తైన బండి సంసారుల ముంగిటికి చేరినది. సచివాలయ ప్రాంగణములలో అధికారమునకు చిహ్నమై వెలసిన తెల్లని అంబాసిడరు ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది. దాని గౌరవము ఈ బండ్లకు సంక్రమించినట్లున్నది. చిక్కంతయు అచ్చటనే యున్నది. గౌరవమునకై కొను వస్తువును బయటినుండి చూతురు. కుటుంబమునకై కొను వస్తువును లోపల కూర్చుండి చూడవలెను.

ఒక కుటుంబమును దృష్టాంతముగా గైకొనవచ్చును. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగి యొకరు, భార్య, ఇద్దరు పిల్లలు, డెబ్బదియేండ్లు దాటిన తల్లిగారు. ఏటేట ఊరినుండి బంధువులు వత్తురు. వారిని మథురకో, హరిద్వారమునకో తీసికొనిపోవుట పరిపాటి. చిన్నకారు చాలక పెద్దబండి కొనదలచి, ఆ ఉద్యోగి యొక ఆదివారము ఒంటరిగా షోరూమునకు పోయిరి. నడుపువాని ఆసనములో కూర్చుండగానే రోడ్డంతయు పాదములక్రింద పరచినట్లు కనబడినది. విక్రేత పక్కన కూర్చుండి గుణగణములు వర్ణించుచుండగా నున్నని రోడ్డుమీద నాలుగు మైళ్ళు నడిపిరి. ఇంజను గర్జించినది, మనస్సు ఉప్పొంగినది. బయానా ఇచ్చుటయే తరువాయి.

భార్య మాత్రము, "అత్తయ్యగారిని ఒకసారి ఎక్కించి చూడండి" అనెను. మరునాడు బండిని ఇంటికి తెప్పించిరి. తల్లిగారు తలుపు పట్టుకొని కాలు పైకెత్తిరి. మోకాలు సహకరింపలేదు. రెండవమారు యత్నించి, నవ్వుచు వెనుకకు తగ్గి, "బండి దివ్యంగా ఉన్నది నాయనా! మీరు వెళ్ళి రండి. నేను ఇంటిపట్టున ఉంటాను" అనిరి.

కుమారుడు దీనిని తల్లిగారి సహజమైన సంకోచమనుకొనిరి. కోడలు వేరొక విధముగా గ్రహించెను. "ఈ బండి కొన్నామంటే ప్రతి ప్రయాణానికీ అత్తయ్యగారు ఈ మాటే అంటారు" అని ఆమె చెప్పినప్పుడు ఆ ఇంట బేరము ఆగిపోయినది. కుటుంబమంతయు కలసి తిరుగుటకై కొను బండి, కుటుంబములో ఒకరిని ఇంటివద్ద విడిచిపెట్టునదైనచో దాని వెలయెంత, బలమెంత అను ప్రశ్నలకు అర్థమే లేదు.

కావున మొదటి పరీక్ష బండిని కదలింపక మునుపే జరుగవలెను. ఆసనము మరీ ఎత్తైనచో ముసలివారు పైకి ఎగబ్రాకవలసివచ్చును. మరీ పల్లమైనచో లేవలేరు. నిలుచున్నవారి తుంటికి ఇంచుమించు సమానమైన ఎత్తున ఆసనమున్నచో, వెనుకకు జరిగి కూర్చుండి, కాళ్ళు లోపలికి తిప్పుకొనవచ్చును. నేలకును బండి అడుగుభాగమునకును నడుమ ఎడము హెచ్చుగా ఉండుట గతుకుల రోడ్డుకు మేలు. మోకాళ్ళకు మాత్రము అదే శత్రువు. ప్రక్కనుండు మెట్టు, తలుపు స్తంభముమీది పిడి ఈ రెంటికిని రాజీ కుదుర్చును. కొన్ని బండ్లకు ఇవి ప్రత్యేకముగా అమర్చుకొనవలసి యుండును. వాని వెల ముందే అడుగవలెను.

రెండవది, మూడవ వరుస. ఏడుగురు పట్టుదురని ప్రకటనలో నుండును. ఏ ఏడుగురో అందులో ఉండదు. ఇంటిలో పొడవైనవారిని మూడవ వరుసలో కూర్చుండబెట్టి, తలుపులు మూసి, పది నిమిషములు ఉండనీయవలెను. నేల ఎత్తుగా, ఆసనము పల్లముగా ఉన్నచో మోకాళ్ళు గడ్డమువైపు లేచును. తల పైకప్పునకు తగులుచున్నదా, తలవెనుక దిండు ఉన్నదా, చల్లగాలి అచ్చటికి వచ్చుచున్నదా, అచ్చటి బెల్టు భుజముమీదుగా వచ్చునదా అని చూడవలెను. పిదప, మూడవ వరుసను ఎత్తియుంచియే, ఇంటినుండి తెచ్చిన పెట్టెలను వెనుక పెట్టిచూడవలెను. పెక్కు బండ్లలో ఏడుగురు కూర్చుండినచో సామానునకు చోటు కొద్దిగానే మిగులును. ఊరినుండి వచ్చు బియ్యపుమూట, ఆవకాయ జాడీ ఎవరి ఒడిలో కూర్చుండునో అప్పుడే తెలియును.

ఇక బండిని నడుపుట. ఇద్దరు కూర్చుండి నడిపిన బండి వేరు, ఏడుగురు కూర్చుండిన బండి వేరు. మనిషికి 65 కిలోలు చొప్పున ఏడుగురి బరువు 455 కిలోలు, సామాను అదనము. ఇంత బరువుతో ఫ్లైఓవరు ఏటవాలుమీద ఆగి, వెనుకకు జారకుండ మరల బయలుదేరి చూడవలెను. ఎదురు వాహనములు లేని చోట గట్టిగా బ్రేకు నొక్కి చూడవలెను. వేగము రెట్టింపైనచో బండిలోని శక్తి నాలుగు రెట్లగును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున నమ్మదగిన బ్రేకు, 80 వద్ద ఎట్లుండునో రహదారిమీదనే తెలియును. ఎత్తైన బండికి గరిమనాభి పైన ఉండును; మలుపులలో ఒరుగు స్వభావము కారుకన్న హెచ్చు. చక్రములు జారునప్పుడు బండిని తనంతట సరిదిద్దు ఎలక్ట్రానిక్ స్థిరత్వ సాధనము లేని బండిని, ఎంత చౌకయైనను, విడిచిపెట్టుట మేలు.

నిర్మాణములో రెండు పద్ధతులు గలవు. ఫార్చ్యూనర్, స్కార్పియో-ఎన్ వంటి వానికి లారీవలె ప్రత్యేకమైన ఉక్కు చట్రముండి, దానిపై శరీరము బిగింపబడినది. సఫారీ, ఎక్స్.యు.వి. 700 వంటి వానిలో చట్రము, శరీరము ఒకటిగా నిర్మింపబడినవి. మొదటిది కొండదారులకు, బురదకు, మోటుపనికి ఓర్చునది. రెండవది సాధారణముగా పట్టణపు రోడ్లమీద మెత్తగా పోవును. ఏది గొప్ప అని వాదులాడుటకన్న, వేగనిరోధక గట్టుమీదుగా పోవునప్పుడు వెనుక కూర్చున్నవారు ఏమనుచున్నారో వినుట ఉపయుక్తము. ఇందుకై ఇంటి యజమాని టెస్టు డ్రైవులో సగము దూరమైనను స్టీరింగు ఇతరులకు అప్పగించి, తాను మూడవ వరుసలో కూర్చుండవలెను. ఆ యొక్క ప్రయాణము పది పత్రికల సమీక్షలకన్న ఎక్కువ బోధించును.

చిన్నపిల్లలున్న ఇండ్లలో మరియొక పరీక్ష తప్పనిసరి. ఇంజను ఆపి, తాళము బయటకు తీసి, నడుపువాని ఆసనములో ఒకరు కూర్చుండవలెను. బండి ముందర మూడేండ్ల బిడ్డను పెద్దవారు చేయిపట్టుకొని నిలుపవలెను. బిడ్డ తల కనబడునంతవరకు వెనుకకు జరుపుచు పోయినచో, ఎత్తైన బానెట్టు ఎంత నేలను కప్పివేయుచున్నదో కంటికి కట్టును. ఇదే విధముగా బండి వెనుకను చూడవలెను. వెనుక కెమెరా సహాయకారియే గాని, బిడ్డ ఎచ్చట నున్నదో చూచుకొను అలవాటునకు బదులు కాజాలదు.

ప్రమాద రక్షణ విషయములో ఇప్పుడు సామాన్యునకు ఆధారము దొరకినది. 2023 అక్టోబరు 1వ తేదీనుండి 'భారత్ ఎన్‌క్యాప్' అను ప్రభుత్వ పథకము అమలులోనికి వచ్చి, బండ్లను ఢీకొట్టి పరీక్షించి నక్షత్రములు ప్రకటించుచున్నది. ఆ సంవత్సరము డిసెంబరులో ఈ పథకము క్రింద మొట్టమొదట ఫలితములు పొందినవి టాటా హారియర్, సఫారీ. రెండింటికిని అయిదు నక్షత్రములు లభించినవి. కాని నక్షత్రములు బెల్టు కట్టుకొన్నవారికే. 2022 సెప్టెంబరు 4వ తేదీన మహారాష్ట్రములోని పాల్ఘర్ జిల్లాలో జరిగిన కారు ప్రమాదమున ప్రసిద్ధ పారిశ్రామికులు సైరస్ మిస్త్రీ మరణించిరి. ఆయన వెనుక ఆసనములో కూర్చుండి, బెల్టు ధరించలేదని పోలీసులు తెలిపిరి. వెనుకవారును బెల్టు కట్టుకొనవలెనను నిబంధన అంతకు మునుపే యున్నది, పాటించువారే లేరు. టెస్టు డ్రైవునాడే పిల్లలచేతను, పెద్దలచేతను మూడు వరుసలలోను బెల్టులు కట్టించినచో, ఏ బెల్టు అందదో, ఏది బిగుసుకొనునో తెలియుటయే గాక, ఆ అలవాటు బండితోపాటే ఇంటికి వచ్చును.

బండి ఇంటికి వచ్చునుగాని, నిలుచుటకు చోటున్నదా? సఫారీ పొడవు 4,668 మిల్లీమీటర్లు, వెడల్పు 1,922. ఫార్చ్యూనర్ పొడవు 4,795. క్వార్టర్లలో రెండున్నర మీటర్ల వెడల్పు గల చోట సఫారీని సరిగా నడుమ నిలిపినచో ఇరుప్రక్కల మిగులునది సుమారు 29 సెంటీమీటర్లు. అంత సందులో తలుపు తెరచుకొని మనిషి దిగుట కష్టము. కొనకముందే టేపుతో చోటు కొలుచుకొనుటలో చిన్నతనము లేదు. వీలైనచో ఆ బండినే తెచ్చి ఒకసారి నిలిపిచూడవలెను.

ధనము మాట. నాలుగు మీటర్లకు మించిన పొడవు, 1,500 సి.సి.కి మించిన ఇంజను, 170 మిల్లీమీటర్లో అంతకు హెచ్చో నేల ఎడము గల ఈ తరగతి బండ్లపై 2025 సెప్టెంబరు 21 వరకు 28 శాతము జి.ఎస్.టి.యు, 22 శాతము సెస్సును ఉండెడివి. ఆ నెల 22వ తేదీనుండి సెస్సు తొలగి 40 శాతము పన్ను అమలులోనికి వచ్చినది. పన్ను తగ్గినదను సంతోషములో, ప్రతి నెల కట్టవలసిన వాయిదా, భీమా, టైర్లు, ఇంధనము అను నాలుగింటిని మరువరాదు. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చు బండి ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగినచో 833 లీటర్లు త్రాగును. ఢిల్లీ ప్రాంతములో డీజిలు బండ్లకు పది, పెట్రోలు బండ్లకు పదునైదు సంవత్సరముల పరిమితిని 2015లో జాతీయ హరిత న్యాయమండలి విధింపగా, 2018లో సర్వోన్నత న్యాయస్థానము స్థిరపరచినది. 2025లో ఆ ఆజ్ఞలకు సడలింపులు, సవరణలు జరిగినవి. కొనునాటి స్థితి యేదో విచారించియే ఇంధనమును ఎన్నుకొనవలెను.

ప్రభుత్వోద్యోగులకు మరి రెండు మాటలు. ఏడవ వేతన సంఘము సిఫారసు మేరకు మోటారు కారు అడ్వాన్సు రద్దయినది. ఋణమునకు బ్యాంకే శరణ్యము. 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 18వ నియమమును అనుసరించి, రెండు నెలల మూలవేతనమును మించిన చరాస్తి లావాదేవీని ఒక నెలలోపల శాఖకు తెలుపవలెను. బండి తాళములు అందుకొన్న ఆనందములో ఈ కాగితము మరచిపోయి, తరువాత సంజాయిషీలు వ్రాసుకొనుట ఎవరికిని శోభింపదు.

చివరకు ఒక నిజాయితీ గల లెక్క అవసరము. గడచిన సంవత్సరపు పంచాంగము ముందుంచుకొని, ఇంటివారు అయిదుగురికన్న ఎక్కువమంది కలసి ప్రయాణము చేసిన దినములను గుర్తింపవలెను. అవి పది దినములే అయినచో, ఆ పది దినములకు పెద్దబండిని అద్దెకు తీసికొని, మిగిలిన దినములకు చిన్నబండితో సుఖముగా ఉండవచ్చును. నలువదియో ఏబదియో అయినచో పెద్దబండి కొనుట విలాసము కాదు, అవసరము.

పైన చెప్పిన కుటుంబములో అట్టి దినములు నలువదికి పైబడినవి. వారు మరల నాలుగు బండ్లు చూచిరి. ఈ పర్యాయము కుటుంబమంతయు వెంట పోయినది. కట్టకడపట ఎన్నుకొన్న బండికి మొదటిదానియంత గర్జన లేదు, అంత ఎత్తును లేదు. ఇరుగుపొరుగువారు ఆశ్చర్యముతో ఆగి చూడలేదు. కాని దానికి ప్రక్కన వెడల్పైన మెట్టు, చేతికందు పిడి ఉన్నవి. తల్లిగారు పిడి పట్టుకొని, మెట్టుమీద కాలు మోపి, ఎవరి సాయమును లేకుండ ఎక్కి కిటికీ దగ్గర సర్దుకొని కూర్చుండి, "హరిద్వారం ఎప్పుడు పోదాం నాయనా?" అని అడిగిరి. టెస్టు డ్రైవు అచ్చటికి పూర్తియైనది.