వంటయింటి వెలుగు
(ప్రసంగ పాఠము)



తెలుగువారికిని బస్తరునకును గల సంబంధము నేటిది కాదు. 1323వ సంవత్సరమున ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ వంశజుడగు అన్నమదేవుడు ఈ అరణ్యసీమకు వచ్చి రాజ్యమును స్థాపించెనని అనుశ్రుతి. ఆరు శతాబ్దములకు పైగా గడచిన వెనుక, 1960వ దశకమున, బైలదిల్లా కొండలలోని ఇనుప ఖనిజమును విశాఖపట్టణపు రేవునకు చేర్చుటకై కొత్తవలస నుండి కిరందూలు వరకు రైలుమార్గము నిర్మింపబడినది. 1968లో గనులు పనిచేయ నారంభించినవి. గనులలోను, రైల్వేలోను, ఇతర కేంద్ర ప్రభుత్వ శాఖలలోను ఉద్యోగములకై తెలుగు కుటుంబములు జగదల్పూరునకు, బచేలికి, కిరందూలునకు వచ్చినవి. రాజ్యములను, రైళ్లను గూర్చి చెప్పువారు పెక్కుమంది కలరు. ఆ కుటుంబములకు మూడు పూటల అన్నము పెట్టిన వంటయింటిని గూర్చి చెప్పువారు అరుదు. నేటి ప్రసంగమునకు ఆ వంటయిల్లే, అందునను అందలి వెలుగే, విషయము.

ఒక కుటుంబమును ఊహించుకొందము. భర్త ముప్పదియైదు సంవత్సరములు ప్రభుత్వోద్యోగము చేసి విరమించినాడు. భార్య ఆ ముప్పదియైదు సంవత్సరములును క్వార్టర్ల వంటయిండ్లలో, తన కెత్తు కుదిరినను కుదరకున్నను, ఇచ్చిన గట్టుమీద వండినది. ఇప్పుడు జగదల్పూరులో మట్టిగోడలు, పెంకుటికప్పు గల పాతయిల్లు నొకదానిని కొని బాగుచేయించుకొనుచున్నారు. గ్రాట్యుటీ సొమ్ములో కొంత మొత్తము అందులకై ప్రత్యేకింపబడినది. ఆ సొమ్ము ఎట్లు వ్యయమగునో సభ్యు లెఱుగనిది కాదు. మొదట వీధి గేటు, పిమ్మట వసారాకు గ్రిల్లు, అటుతరువాత ముందు గదికి అలంకారపు కప్పు, దానిలో నక్షత్రములవంటి దీపములు. మిగిలినది వంటయింటికి. ముందు గదినుండి విప్పిన పాత ట్యూబులైటు వంటయింటి వెనుక గోడ కెక్కును. "నీకేమి కావలెనో చెప్పు" మని గృహిణిని అడుగుటయు జరుగవచ్చును. ఆమె "ఏదో ఒకటి కానిండు" అనును. గృహస్థుడు దానిని "అభ్యంతరము లేదు" అని ఫైలుపై వ్రాసికొని ముందునకు సాగును. కార్యాలయములో సంబంధిత శాఖను సంప్రదింపక ఒక్క కాగితమును కదలనీయని వాడు, ఇంటిలో ఇంత తొందరపడుట విచిత్రము.

ఈ తొందరవలన కలుగు నష్టమేమో తెలియవలెనన్న, వంటయింటి గతమును కొంచెము స్మరింపవలెను. పూర్వము పొయ్యి నేలమీద నుండెడిది. వండునామె పీటపై కూర్చుండి వండెడిది. కత్తిపీట, రోలు, సన్నికల్లు అన్నియు నేలమీదనే. దీపము గోడగూటిలోనో సెమ్మెపైననో, కూర్చున్నవారి భుజమున కించుక యెత్తున, ప్రక్కగా నుండెడిది. ఆముదపు దీపమైనను కిరసనాయిలు బుడ్డియైనను, దాని వెలుగు స్వల్పమే. కాని అది చేతులకు సమీపమున నుండెడిది. పగటివేళ మండువా లోగిళ్లలో మండువానుండి వెలుగు వచ్చెడిది. వానలు మెండుగా గల బస్తరు సీమయందు చూరును క్రిందికి దించి కప్పుట ఆచారము. వాన జల్లు లోనికి రాదు, వెలుగును రాదు.

పొగవలన నష్టము రెండు విధములు. అది ఊపిరికి మాత్రమే శత్రువు కాదు, చూపునకును శత్రువే. తెల్లని సున్నపుగోడ తనపై బడిన వెలుగులో సుమారు ఐదింట నాలుగుపాళ్లు తిరిగి గదిలోనికి పంపును. మసిబారిన గోడ దానిని దాదాపు అంతయు మ్రింగివేయును. ఈ సంగతిలో తెలుగునాట జరిగిన కృషి స్మరణీయము. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు డైరెక్టరుగా నుండిన డాక్టరు ఎస్. పి. రాజు పొగగొట్టముతో గూడిన పొగలేని పొయ్యిని రూపొందించి, లక్షలాది గృహములకు పొగలేని వంటయిండ్లు కావలెనను ఆశయముతో 1953లో ఒక పుస్తకమును ప్రకటించిరి. ఆయన పొయ్యిని మట్టితో ఎవరైనను కట్టుకొనవచ్చును. 2016లో ఉజ్జ్వల యోజన ఆరంభమైన పిమ్మట వంటగ్యాసు బీద కుటుంబములకు విస్తారముగా చేరుటకు పూర్వము, ఇట్టి ప్రయత్నములే గృహిణుల కన్నీరు తుడువబూనినవి.

గ్యాసు పొయ్యి వచ్చుటతో వంట నేలనుండి గట్టుమీది కెక్కినది. వండు మనిషి లేచి నిలిచినది. దీపము మాత్రము తన చోటు మార్చుకొనలేదు. గది నడిమి కప్పుననో, గట్టునకు ఎదుటి గోడమీదనో, అనగా నిలిచినామె వీపు వెనుకనే యుండిపోయినది. దాని ఫలితము ప్రతి యింటను చూడవచ్చును. వెలుగు ఆమె తలపైనను వీపుపైనను పడును; ఆమె నీడ ఆమె చేతులపై పడును. కూర తరుగు కత్తి, కాగు నూనె, బియ్యములోని రాళ్లు, పప్పులోని పురుగులు, ఇవన్నియు ఆ నీడలో నుండును. బల్బు మార్చి దానికి రెట్టింపు బలము గల బల్బు పెట్టినను నీడ తొలగదు. మరింత స్పష్టముగా కనబడును. కావలసినది ఎక్కువ దీపము కాదు, దీపమునకు తగిన చోటు.

ఈ సత్యమును ఐరోపాలో 1926లోనే గుర్తించిన మహిళ కలదు. ఆమె వియన్నా నగరమునకు చెందిన వాస్తుశిల్పి మార్గరేటె షూటె లిహోట్స్కీ. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగర గృహములకై ఆమె రూపొందించిన వంటయిల్లు వెడల్పున సుమారు 1.9 మీటర్లు, పొడవున 3.4 మీటర్లు మాత్రమే. అట్టివి దాదాపు పదివేలు నిర్మింపబడినవి. ఆ చిన్న గదిలో తరుగు బల్లను ఆమె కిటికీ ముందు పెట్టినది. కప్పునగల దీపము పట్టాపై ముందు వెనుకలకు జరుగునట్లు ఏర్పాటు చేసినది. వండువారి అడుగులను, కదలికలను కొలిచి, పిమ్మటనే గీత గీసినది. మొదట మనిషి, పిమ్మట గోడ. ఇదియే ఆ వంటయింటి రహస్యము.

మన దేశపు ప్రమాణములును ఈ మాటనే అంకెలలో చెప్పుచున్నవి. భవనములలోని పగటివెలుగును గూర్చిన భారతీయ ప్రమాణము వెలుపలి ఆకాశమునుండి వచ్చు వెలుగును 8000 లక్సులుగా గణించి, అందులో వంటయింటికి 2.5 శాతము కావలెననియు, నివాసపు గదికి 0.625 శాతము చాలుననియు సూచించినది. లెక్క వేసినచో వంటయింటికి 200 లక్సులు, ముందు గదికి 50 లక్సులు. అనగా అతిథి కూర్చుండు గదికంటె గృహిణి నిలుచుండు గదికి నాలుగురెట్లు వెలుగు కావలెను. లోకాచారము దీనికి సరిగా తలక్రిందులు. జాతీయ భవన నియమావళియు వంటయింటికి ఖాళీస్థలమునకు నేరుగా తెరచుకొను, ఒక చదరపు మీటరునకు తక్కువకాని కిటికీ యుండవలెనని విధించుచున్నది.

మరియొక సంగతి కలదు. వయస్సుతోపాటు కంటిపాప చిన్నదగును, కంటిలోని కటకము పసుపుబారును. అరువది యేండ్లవారి కంటి లోపలికి చేరు వెలుగు ఇరువది యేండ్లవారికి చేరుదానిలో సుమారు మూడవవంతు మాత్రమే. పదవీ విరమణానంతరము ఇల్లు బాగుచేయించుకొనువారు ఈ మాటను మరువరాదు. ఆ యింటి వంటగది వండబోవునది ఇరువది యేండ్ల కోడలు కాదు. అరువదికి చేరువైన ఇల్లాలు. కన్ను మసకబారు కాలముననే ఆమెను మసక గదిలో నిలువబెట్టుట న్యాయమగునా?

కావున ఊహించిన ఆ జగదల్పూరు గృహమునకే మరలి, పని ఎట్లు జరుగవలెనో చూతము.

గోడపై గడ్డపార పడకముందే గట్టు స్థలము నిశ్చయింపవలెను. ఆగ్నేయమున వంట, తూర్పుముఖముగా పొయ్యి అనునది పెద్దల మాట. వెలుగు దృష్టితో చూచినను అది యుక్తమే. తూర్పు గోడయందు గట్టుపైన కిటికీ యున్నచో ప్రాతఃకాలపు వెలుగు ఎదుటనుండి చేతులపై పడును. అయితే పొయ్యి సరిగా కిటికీ క్రింద ఉండరాదు. గాలికి మంట ఆరును, తెరకు అంటుకొనును. కిటికీ క్రింద తరుగుచోటును సింకును ఉంచి, పొయ్యిని ప్రక్కకు జరుపుట మేలు. గట్టు ఎత్తును మేస్త్రీ అలవాటునకు విడువరాదు. వండునామె నిలిచి మోచేతిని వంచినప్పుడు మోచేతికి మూడు నాలుగు అంగుళములు దిగువగా గట్టు ఉండవలెను. కొలత తీయుటకు ఆమె నిలువవలెను, ఆయన టేపు పట్టవలెను. పొయ్యి, సింకు, ఫ్రిజ్ ఈ మూడింటి నడుమ దూరములు కలిపి పదుమూడు అడుగులకు తగ్గక ఇరువదియారు అడుగులకు మించక యుండుట సుఖమని 1940వ దశకమున అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధనలనుండి వచ్చిన సూత్రము.

పాత మట్టిగోడ కప్పు బరువును మోయుచుండును. కిటికీని పెద్దది చేయదలచినచో ముందుగా కప్పునకు ఊత పెట్టి, పైన సాలకఱ్ఱ దూలమునో కాంక్రీటు దూలమునో ఇరుప్రక్కల గోడపై చాలినంత ఆనునట్లు వేసి, పిమ్మటనే గోడ తొలగింపవలెను. గోడ తాకరానిచో కప్పునుండి వెలుగు తేవచ్చును. ఉత్తరపు వాలున, గట్టునకు పైగా, రెండు మూడు నాటుపెంకుల స్థానమున గాజుపెంకులు వేసిన చాలును. మబ్బుపట్టిన ఆషాఢ శ్రావణములలో సైతము పగలు దీపము వెలిగింప నక్కరలేదు. చూరు నీరు కారకుండ వాటి అంచులను గట్టిగా పూయించుట అవసరము.

రాత్రి దీపములు మూడు తరగతులు. గది యంతటికి ఒక సాధారణ దీపము. గట్టుపై, గోడ అలమర అడుగున, ముందంచు దాపున ఎల్.ఇ.డి. పట్టీదీపము, ఇది ముఖ్యము. సింకునకు వేరుగా మరియొకటి. దీపము దగ్గరగా నున్నకొలది తక్కువ విద్యుత్తు చాలును. చిన్న దీపమునుండి దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవవంతుకు తగ్గునని భౌతికశాస్త్రము. ఎనిమిది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల గట్టునకు పది వాట్ల పట్టీ చాలును. 2014లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము తెచ్చిన నీలి ఎల్.ఇ.డి. దీపము ఆవిష్కరణ వలననే ఇంత తక్కువ ఖర్చుతో తెల్లని వెలుగు లభించుచున్నది. రంగు మిక్కిలి నీలముగాని, మిక్కిలి పసుపుగాని కాక, నాలుగువేల కెల్విన్ ప్రాంతమున నున్నచో కూర వేగినదో మాడినదో తెలియును. నల్లని నునుపు గ్రానైటుపై పట్టీదీపము అద్దములోవలె ప్రతిఫలించి కన్ను చెదరగొట్టును; దానిపై పాలవన్నె మూత వేయించుటయో, లేతరంగు గరుకురాయి ఎంచుటయో చేయవలెను.

తీగలు పలకలు అంటించుటకు ముందే వేయింపవలెను. దీపములకు ఒక దారి, మిక్సీకిని ఫ్రిజ్‌కును వేరొక దారి. మట్టిగోడను గాళ్లు తీసి బలహీనపరచుట కంటె గొట్టములలో పైపైన తీగలు పోనిచ్చుట మంచిది. సింకు దాపున ప్లగ్గు పెట్టరాదు. విద్యుద్ఘాతమునుండి కాపాడు ముప్పది మిల్లీయాంపియర్ల స్విచ్చిని తప్పక పెట్టింపవలెను. గాలివానలో కరెంటు పోయినప్పుడు గట్టుమీది దీపము ఇన్వర్టరుపై వెలుగవలెను. టెలివిజను ఆగినను నష్టము లేదు, పొయ్యిపై నూనె కాగుచుండగా చీకటి పడరాదు. స్విచ్చి గుమ్మము ప్రక్కనే, తడుముకొనక అందునట్లు ఉండవలెను.

ఇవన్నియు చేయుటకు ముందు గది అలంకారపు కప్పునకగు వ్యయములో కొద్దిభాగము చాలును. అలంకారమును ఎవరును వలదనరు. కొండగావు లోహశిల్పులు పోతపోసిన డోక్రా దీపము నొకదానిని భోజనపు బల్ల దాపున పెట్టుకొన్నచో బస్తరులో గడపిన సంవత్సరములకు అది చక్కని జ్ఞాపకము. కాని వరుస తప్పరాదు. ముందు చేతులకు వెలుగు, పిమ్మట కన్నులకు విందు.

ఈ సంఘమున పద్దులు వ్రాయుటలో ఆరితేరినవారు పెక్కుమంది కలరు. ఇల్లు బాగుచేయించుకొను నాడు అంచనా పట్టికయందు వంటయింటి దీపమును చివరి పద్దుగా గాక మొదటి పద్దుగా వ్రాసికొనవలసినదని వారికి మనవి. ఆ పద్దు వ్రాయుటకు ముందు, ఒక సాయంకాలము దీపాలు పెట్టు వేళ, గృహస్థుడు తానే గట్టు ముందు నిలిచి, ఒక సోలెడు బియ్యములో రాళ్లు ఏరి చూడవలెను. ఆ మీద ఇల్లాలిని అడిగి, ఆమె "ఏదో ఒకటి కానిండు" అన్నను ఒప్పుకొనక, మరల అడుగవలెను. ముప్పదియైదేండ్లు అడుగని ప్రశ్నకు జవాబు మొదటిసారియే రాదు.

శుభమ్.