ప్లాన్ ప్రింట్‌లో ఒక తెల్ల గీత.. ఒక గోడనే మాయం చేసింది!

మక్తల్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చిన. నాది జిరాక్స్ షాపు అని మీకు తెలుసు కదా. ఆధార్ కాపీలు, పాస్‌బుక్ కాపీలతోపాటు మా దగ్గర ఒక పెద్ద మెషీన్ కూడా ఉంది. 36 అంగుళాల రోల్ పేపర్ మీద ఇంటి ప్లాన్లు, వెంచర్ లేఅవుట్లు, కాలువల డ్రాయింగులు తీస్తది. ఫ్లెక్సీ మెషీన్ వేరు, ఇది వేరు. దాంట్లో ఇంకు, దీంట్లో టోనర్ పొడి.

దీంట్లో ప్రింట్ పాడైతే తప్పు ఎక్కడుందో ఎట్ల పట్టుకోవాలో ఈ రోజు చెప్తా. అంతకన్నా ముందు నా తప్పు చెప్పాలి.

ఒక రోజు ఒక మేస్త్రీ వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి "అన్నా, జల్దీ రెండు కాపీలు తీయ్, రేపు ముగ్గు పోస్తున్నం" అన్నడు. పునాది మార్కింగ్ ప్లాన్ అది. ప్రింట్ మీద పైనుంచి కిందిదాకా దారమంత తెల్ల గీత వచ్చింది. నేను చూసిన. చూసి కూడా "ఏమైతదిలే" అని మడతపెట్టి ఇచ్చేసిన.

మూడో రోజు ఇంటాయన చెప్పులకు మట్టితోనే షాపుకొచ్చిండు. "తమ్మీ, లోపలి గోడకు పునాదే తీయలే. మేస్త్రీనడిగితే కాగితంలో లేదంటుండు" అన్నడు. నా ఫోన్‌లో పీడీఎఫ్ తెరిస్తే గోడ ఉంది. ప్రింట్‌లో లేదు! మార్కింగ్ ప్లాన్‌లో గోడకు ఒకటే సెంటర్ లైన్ ఉంటది. తెల్ల గీత సరిగ్గా దాని మీదనే పడింది. ఇంకా కాంక్రీట్ పోయలేదు కాబట్టి బతికిపోయినం. జేసీబీ మళ్లీ వచ్చిన కిరాయి నేనే కట్టిన.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. పేపర్ పోయే దిక్కుకు అడ్డంగా ఉన్న గీత తెగితే మధ్యలో ఖాళీ కనిపిస్తది. అదే దిక్కున ఉన్న గీత పోతే, అసలు గీయనట్టే ఉంటది. ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పుడు మెషీన్ లోపలికి పోదాం. 1938 అక్టోబర్ 22న అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ అనే ఆయన పొడితో మొదటి కాపీ తీసిండు. ఇప్పటికీ అదే పద్ధతి. డ్రమ్ముకు కరెంట్ ఛార్జ్ ఎక్కుతది. ఎల్‌ఈడీ బార్ వెలుగుతో బొమ్మ గీస్తది. వెలుగు పడ్డ చోట టోనర్ అంటుకుంటది. అది పేపర్ మీదికి దిగుతది. చివరికి ఫ్యూజర్ వేడితో అతుక్కుంటది. ప్రింట్‌లో ఏ లోపమొచ్చినా వీటిలో ఎక్కడో ఒకచోట పుట్టిందే.

మొదటి ప్రశ్న: తప్పు ఫైల్‌దా, మెషీన్‌దా? మెషీన్‌లోనే ఉండే టెస్ట్ పేజీ తీయండి. అది బాగా వస్తే ఫైల్ చూడాలి. క్యాడ్‌లో పసుపు రంగు గీతలు గ్రేలో పడితే వెలిసిపోయినట్టు వస్తయి. మోనోక్రోమ్ పెట్టి తీస్తే సరి. కాగితం నుంచి కాపీ తీసినప్పుడే గీత వస్తుంటే స్కానర్ గ్లాస్ తుడవండి.

రెండోది: మచ్చ మళ్లీ మళ్లీ వస్తుందా? స్కేలు పెట్టి దూరం కొలవండి. దాన్ని 3.14తో భాగించండి. 188 మిల్లీమీటర్లకు ఒకసారి వస్తుంటే, 60 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రోలరో డ్రమ్మో అన్నమాట. మాన్యువల్‌లో ఆ సైజుది ఏదో చూడండి. బడిలో నేర్చిన లెక్క ఇక్కడ అక్కరకొస్తది!

మూడోది: వేలితో రుద్దితే నలుపు ఊడుతుందా? ఫ్యూజర్ వేడి చాలట్లేదు. లేకుంటే మందం పేపర్ వేసి, సెట్టింగ్‌లో మామూలు పేపర్ అని పెట్టి ఉంటరు.

నాలుగోది: నలుపు అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా ఎగిరిపోయిందా? వానాకాలం అయితే ముందు రోల్‌నే అనుమానించండి. చెమ్మ తగిలిన పేపర్‌కు టోనర్ సరిగ్గా దిగదు. రోల్‌ను గచ్చు మీద పెట్టకండి, కవర్‌లో చుట్టి ఎత్తుమీద పెట్టండి.

ఇక పొడుగు గీతలు. సన్నటి నల్ల గీత అయితే డ్రమ్ము తుడిచే బ్లేడు దెబ్బతినడమో, ఛార్జ్ వైరుకు మురికి పట్టడమో చూడాలి. తెల్ల గీత అయితే నేను చేసినట్టు చేయండి. ప్రింట్ సగంలో ఉండగా మెషీన్ ఆపి, డ్రమ్ము మీద బొమ్మ చూడాలి. అక్కడ బొమ్మ నిండుగా ఉంటే, పేపర్ మీదికి దిగే చోట తప్పు. డ్రమ్ము మీదనే ఖాళీ ఉంటే, ఎల్‌ఈడీ బార్ దగ్గరో టోనర్ అందించే చోటో తప్పు. నాకు డ్రమ్ము మీదనే ఖాళీ కనిపించింది. ఎల్‌ఈడీ బార్ మీద ఇంత దుమ్ము! మా రోడ్డు దుమ్ము సంగతి మీకు తెలుసు కదా. పోగులు రాని పొడి బట్టతో తుడిస్తే పోయింది. పది నిమిషాల పని అది.

జాగ్రత్త! లోపల చెయ్యి పెట్టేముందు పవర్ తీసేయండి. ఫ్యూజర్ కాలుతది, చల్లారనివ్వండి. డ్రమ్మును ముట్టుకోవద్దు, దాని మీద ఫోన్ టార్చ్ ఎక్కువసేపు కొట్టొద్దు. వెలుగుకు అది పాడైతది. చేతికి టోనర్ అంటితే చల్లనీళ్లతో కడగండి.

ఇప్పుడు రోజూ పొద్దున షాపు తెరవంగనే పేపర్ వెడల్పంతా ఒక నల్ల పట్టీ తీస్తా. తెల్ల కాగితం మీద దాక్కునే తెల్ల గీత నలుపు మీద దాక్కోలేదు. ప్లాన్ ఇచ్చేముందు ఫోన్‌లో పీడీఎఫ్ పక్కన పెట్టి గీతలు సరిచూస్తా. గిరాకీ తొందరపెట్టినా సరే.

మీరు కూడా ప్లాన్ ప్రింట్ తీసుకుంటే అక్కడే విప్పి, ఫోన్‌లో ఉన్నదానితో పోల్చి చూసుకోండి. మడతపెట్టినంక ఎవరూ చూడరు. మళ్లీ కలుద్దాం ఫ్రెండ్స్, ఉంటా మరి!