చిన్న ఖోలీలో గినీ పిగ్ కాన్పు

మీలో చాలామందికి బొంబాయిలో అన్నో, బావో, మేనమామో ఉండే ఉంటారు. నాగ్‌పాడా పక్కనున్న కామాఠీపురాకు ఆ పేరు మన కామాఠీల వల్లే వచ్చింది. కట్టడపు పనుల కోసం తెలుగు పల్లెల నుంచి వలస వెళ్లిన కూలీలు వాళ్లు. అక్కడి చాల్‌లలో ఒక్క ఖోలీలో ఐదారుగురు సర్దుకుంటారు. కుక్కకు చోటు లేదు. పిల్లలు మారాం చేస్తే క్రాఫర్డ్ మార్కెట్ నుంచి గినీ పిగ్‌ల జత ఇంటికి వస్తుంది.

చించిల్లా కావాలనే పిల్లలూ ఉంటారు. అది చిలీ దేశంలో ఆండీస్ కొండల జీవి. చలీ పొడిగాలీ దానికి సరిపడతాయి. ఉక్కపోతలో వేడి 27 డిగ్రీలు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. రేకుల కింది గదిలోకి దాన్ని తేవడం హింసే అంటాను నేను. గినీ పిగ్ దానికి దూరపు చుట్టమే. దీనికీ ఎండ పడదు గాని, నీడపట్టున, గాలి ఆడేచోట పెడితే బతుకుతుంది.

ఇక కాన్పు సంగతి. ఆడదానికి ఆరేడు నెలలు నిండేలోగా ఒక్క ఈతైనా కాకపోతే, కటి ఎముకల మధ్య కీలు బిగుసుకుపోతుంది. ఆ తరువాత చూలు కడితే పిల్ల బయటికి రాదు, తల్లి కూడా దక్కకపోవచ్చు. బజారులో కొన్నదాని వయసు ఎవరు చెప్పగలరు? అందుకే అలాంటిదాన్ని మగదానితో కలపనే వద్దు.

చూలు 59 నుంచి 72 రోజులు. పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి, మొదటిరోజే గడ్డి కొరుకుతాయి. చూడముచ్చటే! అయితే ఈనిన కొద్ది గంటలకే తల్లి మళ్లీ ఎదకు వస్తుంది. కనుక కాన్పుకు ముందే మగదాన్ని వేరు చేయాలి. మూడు వారాలు నిండగానే మగపిల్లలనూ వేరు చేయాలి. లేకపోతే తల్లినీ చెల్లెళ్లనూ చూలు చేస్తాయి.

మనలాగే గినీ పిగ్ శరీరం కూడా సి విటమిన్ తయారుచేసుకోలేదు. ఎండుగడ్డి ఎప్పుడూ ఉండాలి. దానితోపాటు రోజూ కొత్తిమీర, చిన్న జామముక్క పెట్టండి. చూలుతో ఉన్నదానికి ఇంకాస్త ఎక్కువ.

ఒంట్లో బాగాలేదని, పిల్లాడికి తెచ్చిన అమాక్సిసిలిన్ మందు మాత్రం పట్టించకండి. పెన్సిలిన్ జాతి మందులు దాని పేగుల్లోని మంచి క్రిములను చంపి, చివరికి దాన్నే చంపుతాయి. తిండి మానేస్తే మర్నాటి దాకా చూడకుండా పరేల్‌లోని బాయి సకర్‌బాయి పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లమని మీవాళ్లకు చెప్పండి.